గడ్డి లేని పెట్టె

ఇలా వచ్చి నా పక్కన కూర్చో తల్లీ. పొద్దుటినుంచి ఆ సంచి సర్దుతున్నావు, మళ్ళీ అంతా తీసి పరుస్తున్నావు. అది ఎక్కడికీ పారిపోదు, పారిపోయేది నువ్వు. ఆరుబయట, ఆకాశం కింద, చుట్టాలెవరూ లేకుండా పెళ్ళి చేసుకుంటానన్నావని మీ అమ్మ రెండు రోజులుగా గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ పెడుతోంది. పెట్టనీ. ఈ ఇంట్లో అలాంటి పెళ్ళి నీదే మొదటిది కాదు. ఆ మొదటిదానికి సామాను సర్దిన చేతులు ఇవిగో, ఇవే. చెవి ఇటు పెట్టు. నా గొంతు ఈమధ్య అంత దూరం పోవడం లేదు.

నేను కాపురానికొచ్చిన రెండో ఎండాకాలం అది. మా మావగారిది సామాను కట్టే పని. ఊళ్ళో ఎవరు ఇల్లు మారినా, ఎవరికి బదిలీ అయినా ఆయనకే కబురు వచ్చేది. అద్దాలు, గోడగడియారాలు, పింగాణీ కప్పులు, అన్నీ చెక్కపెట్టెల్లో పెట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరి, తాడుతో బిగించి పంపేవాళ్ళం. ఇంటి వెనక రేకుల షెడ్డు. దాన్నిండా ఖాళీ పెట్టెలు, గడ్డిమోపులు, మేకులకి వేలాడే తాళ్ళు. ఇంటిల్లిపాది జుట్టులోనూ గడ్డిపరకలుండేవి. మీ తాత నన్ను చూడ్డానికొచ్చిన రోజున కూడా ఆయన చెవి వెనక ఒకటి ఉంది. దాన్ని తీసేద్దామనే చెయ్యి చాచాను. మిగతాది నీకు తెలుసు.

ఆ ఇంట్లో పెట్టెలో వస్తువులు ఎవరు సర్దినా ఆఖరి ముడి మాత్రం మావగారే వేయాలి. చూడ్డానికి అది ముడుచుకు పడుకున్న పిల్లిపిల్లలా ఉండేది, ఒక కొస తోకలాగా బయటికి వచ్చి. మోస్తున్నకొద్దీ బిగుస్తుంది, ఆ తోక పట్టి లాగితే ఒక్కసారిగా విడిపోతుంది. ఆ ముడి వేశారంటే లోపల ఏం పగిలినా పూచీ ఆయనది. వేరేవాళ్ళు విప్పి మళ్ళీ కట్టారో, అక్కణ్ణుంచి పూచీ వాళ్ళది. ఈ ఒక్క మాట మీద ఆయన ఎంత పెద్దవాళ్ళతోనైనా వాదానికి దిగేవారు.

ఆయన కూతురు, అంటే నా ఆడబిడ్డ, ఆ ఇంటి చిన్నది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ పురికొస అనేవాళ్ళు. సన్నంగా ఉండేది, తెగేది కాదు. అత్తగారు నేను రాకముందే పోయారు, అందుకని షెడ్డులో తండ్రికి కుడిచెయ్యి ఇదే. ఒక గది గుమ్మంలో నిలబడి ఓసారి కళ్ళు తిప్పి, ఎన్ని పెట్టెలు పడతాయో చెప్పేసేది. కప్పుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, కంటికి కనపడని బీట ఉంటే పట్టేసేది. నేను ఆమెకి వదిననే గానీ, చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయేదాన్ని. మనిషి చేతులు అంత నమ్మకంగా కదలడం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. మీ తాతలో అసలే చూడలేదు.

అడవిలో ఎక్కడ పొగ లేచినా కనిపెట్టి కింది ఆఫీసుకి ఫోను చేయడానికి, ఊరికి అవతల పెద్ద కొండ మీద ఒక కాపలా మంచె ఉండేది. కింద ఇనుప కాళ్ళు, పైన నాలుగు వైపులా అద్దాల గది. అక్కడ పనిచేసే అబ్బాయి ఒకసారి పెద్ద దూరదర్శిని కట్టించడానికి మా షెడ్డుకి వచ్చాడు. దాన్ని మరమ్మతుకి పంపాలట. ఎవరినీ ముట్టుకోనివ్వడే.

"ఇది దెబ్బ తింటే అడవికి కళ్ళు పోయినట్టే," అన్నాడు.

"అయితే నువ్వే లోపల కూర్చో, నీతో కలిపి కట్టేస్తాను," అంది పురికొస.

పెట్టె కట్టడం అయ్యేసరికి వాళ్ళిద్దరి సంగతీ అయిపోయింది. తరవాత ఆ దూరదర్శిని మరమ్మతు బాగా జరిగిందో లేదో చూడాలని వాడు రెండుసార్లు వచ్చాడు. అది ఉన్నదేమో వేరే ఊళ్ళో.

ఎండలు ముదిరాయి. అడవి ఎండిపోయే కాలం కదా, వానలు పడేదాకా వాడు కొండ దిగడానికి లేదు. ఇక్కడేమో మాకు పెట్టెల చెక్క అమ్మే అడితివాళ్ళు పురికొసని తమ ఇంటికి కోడలిగా అడిగారు, మావగారు మాటిచ్చేశారు. వానలు పడగానే ముహూర్తమో ఏదో చూసుకుందామన్నారు.

ఒకరోజు షెడ్డులో తండ్రీ కూతుళ్ళు తాడు పేనుతున్నారు. ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస ఈవిడ చేతిలో, మధ్యలో షెడ్డంత పొడుగు. నేను గడ్డి దులుపుతున్నాను.

"నాన్నా, నేను కొండమీది అబ్బాయినే చేసుకుంటాను," అంది, పేనుతూనే.

"పురి వదలకు," అన్నారాయన.

"వదల్లేదు."

కాసేపు ఇద్దరూ పేనారు.

"కొండల మీదికి కాపురాలు నేను చాలా ఎక్కించాను," అన్నారు మావగారు. "ఎక్కించినవన్నీ నేనే దింపాను. ఎక్కేటప్పుడు ఒకటే నవ్వులు. దిగేటప్పుడు పెట్టెలో అద్దం ఉందో లేదో కూడా చూసుకోరు."

"దిగినవి నువ్వు కట్టిన పెట్టెలు. నేను దిగుతానని ఎవరు చెప్పారు?"

"అడితివాళ్ళకి మాటిచ్చాను. వానలు పడగానే వస్తారు."

"వానలు పడేదాకా అతను దిగలేడు. అందుకే నేను ఎక్కుతాను."

ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఎక్కు. నీ సామాను మాత్రం నేను కట్టను. ఈ ఇంటి తాడు జానెడు కూడా నీతో రాదు," అన్నారు.

"సరే నాన్నా."

ఇంకొకరైతే ఆ కొస అక్కడ పారేసి లోపలికి పోయేవాళ్ళు. పురికొస వదల్లేదమ్మా. ఆ తాడు పేనడం అయ్యేదాకా పట్టుకునే ఉంది. కొసలు ముడేసి, చుట్ట చుట్టి, మేకుకి తగిలించి, అప్పుడు వంటింట్లోకొచ్చి చెంబెడు నీళ్ళు తాగింది. "వదినా, బుధవారం నీళ్ళ లారీ కొండ ఎక్కుతుంది. నువ్వు తోడు రావాలి," అంది. నేను వస్తానో రానో అని అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

మీ తాత ఆ వారం సరుకు తీసుకుని పొరుగూరు పోయారు. మంగళవారం మావగారు పని మీద బయటికి వెళ్ళగానే ఇద్దరం షెడ్డులో కూర్చున్నాం. ఆ అమ్మాయి పగిలిన పెట్టెల చెక్కలతో సొంతంగా ఒక పెట్టె కొట్టుకుంది. ఇంటి పెట్టె కూడా వద్దంది. నేనేమో నా బుద్ధి పోనిచ్చుకోలేక ఒక్కొక్కటే తెచ్చి పెడుతున్నాను. ఇత్తడి బిందె పెట్టాను, తీసేసింది. రెండు దిళ్ళు పెట్టాను, తీసేసింది. అప్పడాల కర్ర పెట్టాను.

"దీంతో ఎవర్ని కొట్టమంటావు?"

"కొట్టడానికి కాదే, ధైర్యానికి."

"మంచె దాకా మెట్లున్నాయి వదినా, చేతుల మీద మోయాలి. మోయలేనిది నాది కాదనుకుంటాను."

చివరికి ఆ పెట్టెలోకి వెళ్ళినవి ఇవీ. ఒక కుండంత గిన్నె, దుప్పటి, బట్టలు, లాంతరు, దానికి విడి గాజులు, వాళ్ళమ్మ వాడిన గాజు గ్లాసులు, చేతి అద్దం ఒకటి. గాజువన్నీ ఎప్పటిలాగే ఎండుగడ్డిలో కూర్చాం. చెయ్యి దానంతటదే గడ్డిమోపు మీదికి పోయింది, ఇద్దరిలో ఒక్కరమూ ఆగి ఆలోచించలేదు. గాజు అంటే గడ్డి, ఆ ఇంట్లో అంతే. "తాడన్నాడు గానీ గడ్డి వద్దనలేదుగా నాన్న," అని నవ్వింది కూడా.

ఇక కట్టడానికి తాడు లేదు. మేకులకి వరసగా వేలాడుతున్నాయి, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. లోపలికెళ్ళి తన చిన్నప్పటి గౌన్లు తెచ్చింది. ఒకటి పసుపుపచ్చది, ఒకటి నీలం, ఇంకొకటి పూలది, జేబు కూడా ఉంది దానికి. పేలికలుగా చింపింది. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఉంచుకోవే, రేపు నీ పిల్లలకి," అన్నాను. "నా పిల్లలకి నేను కొండెక్కిన కథ ఉంటుంది, గౌనెందుకు," అని మూడు రంగులూ కలిపి జడలా అల్లింది. ఆ జడతో పెట్టెని బిగించింది. దాని మీద పాత దుప్పటి చుట్టి దబ్బనంతో దూరం దూరంగా కుట్లు వేసింది. పెట్టెని పెట్టెల మధ్యనే దాచాం. అంతకంటే మంచి చోటు ఏముంది?

లోకంలో అందరూ అర్ధరాత్రి లేచిపోతారు. మావాళ్ళు మిట్టమధ్యాహ్నం లేచిపోయారు, ఎందుకంటే నీళ్ళ లారీ అప్పుడు బయల్దేరుతుంది. ఎండ మండిపోతోంది. వీధిలో కుక్క కూడా లేదు. మావగారు భోంచేసి షెడ్డులో మంచం వాల్చుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నారు. పెట్టె తీసుకుపోవాలంటే ఆయన కాళ్ళ దగ్గర్నించే దారి. ముందు నేను, వెనక పురికొస, పిల్లుల్లా అడుగులేస్తున్నాం.

"ఎవరది?" అంది తువ్వాలు.

నా గుండె జారి పెట్టె మీద పడింది. "నేనే మావయ్యా. పక్కవీధివాళ్ళు ఖాళీ పెట్టె ఒకటి కావాలంటే."

"ఖాళీ పెట్టెకి అంత వంగి నడవక్కర్లేదు," అన్నారు. "నడుం జాగ్రత్త."

తువ్వాలు కదల్లేదు. నేను వెనక్కి చూశాను. పురికొస తండ్రి పాదాల వైపు చూస్తోంది. ఒక చెయ్యి పెట్టె కింద, ఒక చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చెయ్యి మంచం పట్టె మీద ఒక్కసారి ఆనించి, తీసేసింది. అంతే, వచ్చేశాం.

లారీ నడిపే ఆయన్ని నత్తన్న అనేవాళ్ళు. పీపాల్లో నీళ్ళు తొణక్కూడదని నత్తలా నడిపేవాడు. "లేచిపోయేవాళ్ళు నా బండి ఎక్కడం ఇదే మొదలు చెల్లెమ్మా. తరుముకుంటూ ఎవరైనా నడిచొచ్చినా మనల్ని దాటి ముందు పోతారు," అన్నాడు. నవ్వుకున్నాం. నవ్వుతూనే పురికొస పెట్టె మీది కుట్ల మీద వేలు పోనిచ్చింది. ఇటు చివరనుంచి అటు చివరదాకా తడిమింది. ఆ తరవాత ఆ చెయ్యి పెట్టె మీంచి తీయలేదు. ఇల్లు వదిలి వచ్చిన బెంగ అనుకున్నాను నేను. పలకరించలేదు.

కొండ పైన చెట్లు అయిపోయి బండ మొదలయ్యే చోట దారికి అడ్డంగా ఒక ఇనుప గొలుసు ఉంది. అక్కడ మంచె పెద్దాయన నిలబడ్డాడు. ఆ అబ్బాయికి పైవాడు, నడుము కొంచెం వంగినవాడు. మంచె చుట్టూ చాలా దూరం ఒక్క గడ్డిపోచ లేకుండా నేలంతా గీకేసి ఉంది. అబ్బాయి పైన అద్దాల గదిలో ఉన్నాడు, పెద్దాయన దిగితే వాడు కళ్ళు తిప్పకుండా చూస్తుండాలి. చెయ్యి మాత్రం ఊపాడు, ఊపడంలో మంచె మొత్తం ఊగిందనుకో.

పెద్దాయన మా పెట్టె చూశాడు. "మీరు సామాను కట్టేవాళ్ళు కదమ్మా? మీ పెట్టెల్లో గడ్డి ఉంటుంది."

ఉంటుందని నేను తల ఊపాను.

"ఎండుగడ్డి ఈ గొలుసు దాటి రాదు. ఇక్కడ విప్పడానికీ లేదు, గాలికి నాలుగు పరకలు లేచాయంటే చాలు. ఈ కాలంలో మా ఉద్యోగాలకే కాదు, కింద ఊళ్ళకీ ముప్పు. పెట్టె అలాగే లారీలో వెనక్కి పోవాలి. ఏమీ అనుకోకండి."

పెట్టె వెనక్కి పోవడమంటే ఎక్కడికి? జానెడు తాడు ఇవ్వనన్న ఇంటికి, కట్టుకున్న కాపురం మొత్తం కట్టినట్టుగా తిరిగి పోవడం. కొండల మీదికి ఎక్కించినవన్నీ నేనే దింపానన్న మనిషి దగ్గరికి, పొద్దు కూడా గుంకకముందే. నాకు ఏడుపొచ్చింది. పురికొసకి రాలేదు.

"మీరన్నది న్యాయం," అంది. "పెట్టె పోతే పోనీండి. నేను నడిచొస్తాను, నాలో గడ్డి లేదు." అని జుట్టు విప్పి, వంగి, అక్కడే రోడ్డు మీద దులుపుకుంది. ఒక పరక రాలింది. దాన్ని తీసి నా చేతిలో పెట్టింది.

పెద్దాయన నవ్వాపుకున్నాడు. నేనాయన్ని చూస్తున్నాను గానీ పురికొస నత్తన్న వైపు తిరిగింది. "అన్నా, లారీ ఎక్కించేముందు ఒక్క మూల విప్పి చూస్తాను. పైన తడిగోనె కప్పి ఉంచు."

దబ్బనం పెట్టి కుట్లు తెంపింది. అప్పుడు చూశాను నేను. దూరం దూరంగా వేసిన కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. దుప్పటి తొలగిస్తే రంగుల జడ లేదు. కొత్త తాడు, ఇంకా పచ్చి వాసన పోనిది, ఆవేళ షెడ్డులో తండ్రీ కూతుళ్ళు చెరో కొసా పట్టుకుని పేనిన తాడు. మధ్యలో, తోక బయటపెట్టుకుని, ముడుచుకు పడుకున్న పిల్లిపిల్ల.

పురికొస ఆ తోక పట్టుకుని లాగింది. కట్టు విడిపోయింది.

లోపల ఒక్క గడ్డిపరక లేదు. లాంతరు గాజులు, గ్లాసులు, అద్దం, ఒక్కొక్కటీ బట్టలో చుట్టి ఉన్నాయి. మావగారి చొక్కాలవి. బయటికి వెళ్ళేటప్పుడు తొడుక్కునే రెండూ, చలికాలం శాలువా. రాత్రి మేం పడుకున్నాక ఎప్పుడో విప్పి, మడతల్లో కూడా పరక లేకుండా దులిపి మరీ చుట్టారు. కొండల మీదికి ఎక్కించినవాడు కదా, గొలుసు దగ్గర ఏమడుగుతారో ఆయనకి తెలుసు. మాకు తట్టలేదు, ఆయనకి తట్టింది.

పెద్దాయన వంగి చూసి, "గడ్డి లేదే," అన్నాడు.

"లేదండీ," అంది పురికొస. "మా నాన్న కట్టాడు."

పెళ్ళి మంచె కింద బండ మీద అయింది. పెద్దాయన పైకెక్కి కాపలా తీసుకుంటే అబ్బాయి దిగాడు. మొహం కడుక్కుని వచ్చాడు, చెవుల తడి తుడుచుకోలేదు. సాక్షులం నేనూ నత్తన్నా. చుట్టూ ఎటు చూసినా ఆకాశమే, ఆ కింద అడవి ఎండిపోయి రాగి రంగులో ఉంది. "ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి, నేను ఇటు చూస్తుంటాను," అని పైనుంచి పెద్దాయన.

అబ్బాయి పురికొస చేతులు పట్టుకుని మొదలుపెట్టాడు. "నేను నీకు పెద్దగా ఏమీ ఇవ్వలేను. ఎండాకాలమంతా నా చూపు కూడా నీది కాదు." అన్నవాడు అన్నట్టే ఆమె భుజం మీదుగా దూరంగా చూసి బిగుసుకుపోయాడు. "పొగ," అన్నాడు.

నత్తన్న తల పట్టుకున్నాడు. పురికొస మాత్రం వెనక్కి తిరిగి, చేత్తో ఎండ ఆపుకుని చూసింది.

"అది దుమ్ము. కదులుతోంది చూడు, పొడుగ్గా సాగుతోంది. బరువు వేసుకున్న లారీ, మట్టిదారిలో. ఖాళీదైతే ఇంత లేవదు."

పైనుంచి పెద్దాయన దూరదర్శిని పెట్టి చూసి, "దుమ్మే," అని అరిచాడు. "అమ్మాయిని వదులుకోకురా."

"నీ చూపు నాది కాకపోయినా పర్లేదు," అంది పురికొస వాడితో. "నువ్వు అటు చూస్తే నేను ఇటు చూస్తాను. మిగిలింది చెప్పు." వాడు మిగిలింది చెప్పాడు. తనూ చెప్పింది. అది వాళ్ళిద్దరి మాట, నేను వినలేదనే అనుకో.

దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. షెడ్డు గుమ్మంలో మావగారు పెట్టె మీద కూర్చున్నారు, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా తొడుక్కుని. ఇక ఆయనకి మిగిలింది అదే. నేను ఎక్కడికి వెళ్ళానని అడగలేదు. కూతురేదని అడగలేదు.

"ఏమన్నా పగిలాయా?" అన్నారు.

"ఒక్కటీ పగల్లేదు మావయ్యా."

"ఊ," అన్నారు. కాసేపటికి, "అద్దం?" అన్నారు.

"అద్దం కూడా. గ్లాసులన్నిట్లో నీళ్ళు పోసి ఇచ్చింది మాకు."

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. కొత్త తాడు ఉండాల్సిన మేకుకి గౌన్ల జడ చుట్ట చుట్టి వేలాడుతోంది. పసుపు, నీలం, పూలది. ఆయన బతికున్నన్నాళ్ళూ దాంతో ఏ పెట్టెనీ కట్టలేదు, ఆ మేకుకి ఇంకేదీ తగిలించలేదు. మర్నాడు ఆ చిరిగిన చొక్కాతోనే అడితివాళ్ళింటికి నడిచి వెళ్ళి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని, పడాల్సిన మాటలు పడి వచ్చారు. ఏమన్నారని నేనడిగితే, "చెక్క రేటు పెంచుతారట," అని ఊరుకున్నారు.

వానలు పడ్డాక ఇద్దరూ దిగొచ్చారు. పురికొస నల్లబడింది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. తండ్రి ముందు నిలబడింది.

"ఆ తాడేం చేశావు?" అన్నారాయన.

"బట్టలారేయడానికి కట్టుకున్నా నాన్నా."

"కొండగాలికి అది ఆగదు. లావు మోకు తీసుకెళ్ళు," అని ఆయనే మేకు మీంచి దించి ఇచ్చారు. ఆ మోకు తీసుకుని మళ్ళీ కొండెక్కింది. ముసలిదయ్యేదాకా ఎన్ని కొండలు మారిందో, ప్రతిసారీ తన పెట్టె తనే కట్టుకుంది, పిల్లిపిల్ల ముడి వేసి. ఒక్క గ్లాసు పగిలిందని నేను వినలేదు.

ఇక లే. సంచి సర్దుకో. మీ నాన్న ఆ గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, పొద్దుటినుంచి పేజీ తిప్పలేదు. ఒకసారి వెళ్ళి వాడి పక్కన నిలబడు, ఏమీ అడక్కపోయినా సరే.

ఈ కథ గుర్తుపెట్టుకో తల్లీ. నీ తరవాతవాళ్ళకి చెప్పు. నాకంటే బాగా చెప్పినా పర్వాలేదు, నత్తన్నకి ఇంకో నాలుగు మాటలు కలిపినా పర్వాలేదు. మన ఇంట్లో ఇది చెప్పేవాళ్ళంతా తాడు సంగతి చెప్పి ఆపేస్తారు. నువ్వు గడ్డి సంగతి కూడా చెప్పు.